'చేను పచ్చబడింది' అంటే ఏమిటి?

సంక్రాంతికి ముందు ఒకరోజు పొద్దున్నే మా చిన్నాయన ఫోన్ చేశాడు. "చేను పచ్చబడిపోయింది అబ్బీ" అన్నాడు.

"మంచిదే కదా చిన్నాయనా" అన్నాను నిద్రమత్తులో.

"మంచిదేంది! కామెర్లు పట్టినట్టుంటే మంచిదంటావేంది?" అని కసిరాడు.

తప్పు నాదే. కానీ మన భాషది కూడా కొంత ఉంది. పసుపుపచ్చా పచ్చే, ఆకుపచ్చా పచ్చే. 'చేను పచ్చగా ఉంది' అంటే కళకళలాడుతోందని. 'చేను పచ్చబడింది' అంటే పాలిపోయిందని. ఆ 'బడింది'లోనే ఉంది తిరకాసంతా.

కూడేరు వైపు బోరు కింద మాకు చెనక్కాయ, అంటే వేరుశనగ చేను ఉంది. చూసుకునేది చిన్నాయనే. నేను అనంతపురంలో ఉంటాను. చదివింది వ్యవసాయం కాబట్టి ఊళ్ళో ఎవరి ఆకు వాడినా ఫోన్ నాకే వస్తుంది. కాకపోతే నాకన్నా ముందు ఎరువుల అంగడికి పోతారు. చిన్నాయన కూడా పోయాడు. అంగడాయన ఫోటో వైపు ఓసారి చూసి అర బస్తా యూరియా, ఒక 'గ్రోత్' సీసా చేతిలో పెట్టాడట. చల్లాడు, కొట్టాడు. వారమైనా చెనక్కాయ రంగు మారలేదు. కలుపు మాత్రం బ్రహ్మాండంగా లేచింది.

ఆకు పసుపెక్కితే యూరియా వేయడం మనకు అలవాటైపోయిన లెక్క. వరిమడిలో ఆ లెక్క చాలాసార్లు సరిపోతుంది కూడా. ఆ చేన్లో ఎందుకు సరిపోలేదో చెప్పాలంటే, అసలు మొక్క మట్టిలోంచి ఏం తీసుకుంటుందన్న దగ్గర మొదలుపెట్టాలి.

వాన్ హెల్మాంట్ అనే ఆయన 17వ శతాబ్దంలో దీన్నే తేల్చుకోవాలనుకున్నాడు. తొట్టిలో 200 పౌన్ల ఎండుమట్టి పోసి, 5 పౌన్ల విల్లో మొక్క నాటాడు. ఐదేళ్ళు నీళ్ళు తప్ప ఇంకేమీ పోయలేదు. తర్వాత తూకం వేస్తే చెట్టు 164 పౌన్లు, అంటే దాదాపు 74 కిలోలు పెరిగింది. మట్టి తగ్గింది 2 ఔన్సులు. మన లెక్కలో 57 గ్రాములు! చెట్టంతా నీళ్ళతోనే తయారైందని ఆయన తేల్చేశాడు. సగమే నిజం. చెట్టు బరువులో పెద్ద భాగం గాలిలోని బొగ్గుపులుసు వాయువు నుంచి వస్తుందని అప్పటికి ఎవరికీ తెలియదు. ఎండబెట్టిన ఏ మొక్కనైనా తీసుకుంటే, బరువులో నూటికి 95 పాళ్ళు గాలి నుంచి, నీళ్ళ నుంచి వచ్చిన కర్బనం, ఆక్సిజన్, హైడ్రోజనే.

తూకంలో తేడా కిందో పొరపాటు కిందో ఆయన వదిలేసిన ఆ 57 గ్రాములు ఉన్నాయే, మన ఎరువుల వ్యవహారమంతా వాటి గురించే.

మొక్కకు తప్పనిసరైన మూలకాలు 17 అని ఇప్పుడు లెక్క. గాలీ నీళ్ళూ ఇచ్చే మూడూ పోతే మట్టి ఇవ్వాల్సినవి 14. నత్రజని, భాస్వరం, పొటాష్ అందరికీ తెలిసినవే. కాల్షియం, మెగ్నీషియం, గంధకం వాటి తర్వాతి వరస. మిగిలిన ఎనిమిదీ చిటికెడు కావాల్సినవి: ఇనుము, మాంగనీసు, జింకు, రాగి, బోరాన్, మాలిబ్డినం, క్లోరిన్, నికెల్. చిటికెడు అంటే ఎంత చిటికెడు? సగటు మొక్కలో పది లక్షల నత్రజని పరమాణువులుంటే మాలిబ్డినం ఒక్కటి ఉంటుంది. ఆ ఒక్కటి లేకపోతే వేరు పీల్చుకున్న నైట్రేటును మొక్క తనకు పనికొచ్చేలా మార్చుకోలేదు. చెనక్కాయ వేరు బుడిపెల్లో బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుందే, దానికీ మాలిబ్డినమే కావాలి.

ఏ మూలకాన్నైనా 'తప్పనిసరి' అనడానికి 1939లో ఆర్నన్, స్టౌట్ అనే ఇద్దరు కొన్ని షరతులు పెట్టారు. అది లేకపోతే మొక్క విత్తనం నుంచి విత్తనం దాకా బతుకు పూర్తి చేయలేకపోవాలి. దాని బదులు ఇంకోటి పనికిరాకూడదు. మొక్క లోపలి పనిలో దానికి నేరుగా చెయ్యి ఉండాలి. ఈ మూడింటిలో నాకు రెండోదే ముఖ్యం. ఉప్పు తగ్గిన కూరలో ఇంకో చెంచా కారం వేస్తే ఉప్పు లోటు తీరదు, పైగా నోరు మండుతుంది. మా చిన్నాయన చేన్లో యూరియా చేసిన పని అదే. ఈ జాబితాలోకి చివరగా వచ్చింది నికెల్, 1987లో. దాని పని ఏమిటో తెలుసా? మొక్క లోపల యూరియాను విడగొట్టే ఎంజైములో అది ఉంటుంది.

ఇలాంటి చోట పుస్తకాల్లో ఒక చెక్క పీపా బొమ్మ వేస్తారు. అన్నిటికన్నా పొట్టి చెక్క ఎంత ఎత్తుంటే నీళ్ళు అంతవరకే నిలుస్తాయని చెప్పే బొమ్మ. మాట స్ప్రెంగెల్‌ది, పేరు లీబిగ్‌కు వచ్చింది. ఇద్దరూ 19వ శతాబ్దపు జర్మన్ శాస్త్రవేత్తలు. మనకు పీపాలు తెలియవు, కపిల బాన తెలుసు. మా తాత కాలంలో ఎద్దులు కట్టి బావిలోంచి నీళ్ళు తోడిన ఆ తోలు బానకు నాలుగు చోట్ల చిల్లులు పడ్డాయనుకోండి. పైనున్న మూడూ ఎంత బాగా కుట్టినా, నీళ్ళు నిలిచేది అడుగు చిల్లు దాకానే. మన జిల్లాలో ఆ అడుగు చిల్లు చాలా ఏళ్ళు నీళ్ళే. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కురిసే చోట మిగతా 14 ముచ్చట్లూ వానల తర్వాతే. పదును లేని మట్టిలో పోషకం ఉన్నా వేరు దాకా నడిచి రాలేదు. నైట్రేటు, కాల్షియం నీళ్ళతో పాటు వేరు దగ్గరికి కొట్టుకొస్తాయి. భాస్వరం అలా కూడా రాదు, మట్టి రేణువుల చుట్టూ ఉండే తడి పొరలో కొద్ది మిల్లీమీటర్లు పాకుతుంది, అంతే. ఆ పొర ఎండిందా, సంచులకు సంచులు వేసినా అక్కడే కూర్చుంటుంది.

మా చేన్లో బోరుంది, కాబట్టి ఆసారి చిల్లు నీళ్ళది కాదు.

"ఏ ఆకు పచ్చబడింది చిన్నాయనా? కొననున్న లేత ఆకా, కింద ముదురాకా?" అని అడిగాను.

"ఆకు ఆకే కదరా" అన్నాడు ముందు. తర్వాత చేన్లోకి పోయి ఫోటో పంపాడు.

లేతాకే. నాలుగు రెక్కలూ లేత నిమ్మకాయ రంగులో ఉన్నాయి. కానీ నడిమి ఈనె, దాన్నుంచి చీలిన సన్న ఈనెలు మాత్రం ఆకుపచ్చ గీతల్లా తేటగా కనిపిస్తున్నాయి. ఇంకొన్ని చెట్లలో కొనాకు పూర్తిగా తెల్లబారి కాగితంలా అయింది. అడుగాకులు మాత్రం మామూలుగానే ఉన్నాయి.

రోగం తేలడానికి ఆ ఫోటో చాలు. ఎందుకో చెబుతాను, ఈ వ్యాసంలో గుర్తు పెట్టుకోవాల్సింది ఒక్కటే ఉంటే ఇదే.

కొన్ని పోషకాలు మొక్క లోపల తిరుగుతాయి. నత్రజని, భాస్వరం, పొటాష్, మెగ్నీషియం ఆ రకం. కరువొస్తే మొక్క ముదురాకుల్లోంచి వాటిని పీకి లేతాకులకు పంపిస్తుంది. ఇంట్లో గింజలు తగ్గితే అవ్వాతాతలు తమ ముద్ద తగ్గించుకుని పిల్లలకు పెట్టినట్టు. కాబట్టి లోటు ముందు కింది ఆకుల్లో కనబడుతుంది. ఇంకొన్ని ఒకసారి ఆకులో కూర్చున్నాక కదలవు. కాల్షియం, బోరాన్, ఇనుము ఆ కోవలోవి. గంధకం, జింకు, రాగి, మాంగనీసు కూడా పెద్దగా కదలవు. వీటికి లోటొస్తే ముదురాకులు తమది దాచుకుని పచ్చగా ఉంటాయి, లేతాకులు అలమటిస్తాయి.

రెండో గుర్తు ఈనెలు. ఆకు మొత్తం ఒకే తీరుగా పాలిపోయిందా, లేక ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపెక్కిందా? ఈ రెండు ప్రశ్నలూ కలిపితే నాలుగు పసుపులు విడివిడిగా దొరుకుతాయి. ముదురాకు మొత్తం పాలిపోతే నత్రజని. ముదురాకులో ఈనెల మధ్య పసుపైతే మెగ్నీషియం. లేతాకు మొత్తం పాలిపోతే గంధకం. లేతాకులో ఈనెల మధ్య పసుపైతే ఇనుము. మాంగనీసు, జింకు ఈ చివరి గూటిలోకే కొంచెం తేడాతో వచ్చి తికమక పెడతాయి. అయినా అంగట్లో నిలబడి 'ఏదో ఒకటి ఇయ్యి సామీ' అనడం కన్నా ఇది చాలా నయం.

నాలుగింటికీ రంగు ఒకటే ఎందుకు? ఆకుకు ఆకుపచ్చ రంగునిచ్చే పత్రహరితం అణువు నడిబొడ్డున ఒక మెగ్నీషియం, దాని చుట్టూ నాలుగు నత్రజని పరమాణువులు ఉంటాయి. ఇనుము ఆ అణువులో ఉండదు గానీ, అది లేకుండా అణువు తయారవదు. గంధకం లేకపోతే ప్రొటీన్లే కుదరవు. వంట ఆగిపోవడానికి బియ్యం లేకపోయినా చాలు, గ్యాస్ అయిపోయినా చాలు. బయటికి కనబడేది ఖాళీ కంచమే.

ఇక మా చేన్లో ఇనుము లోటు అంటే మొదట చిన్నాయన నమ్మలేదు. న్యాయమే. అనంతపురం ఎర్రనేల ఎర్రగా ఉండేదే ఇనుము వల్ల. ఒక రకంగా మనం తుప్పులో సేద్యం చేస్తున్నాం. అంత ఇనుము మీద నిలబడి చెట్టు ఇనుము లేక వాడిపోతోందంటే ఎవరు నమ్ముతారు?

నేల్లో ఉండటం వేరు, వేరుకు అందడం వేరు. మట్టిలోని ఇనుము ఎక్కువగా ఫెర్రిక్ రూపంలో రాయిలా బిగుసుకుని ఉంటుంది. అది నీళ్ళలోకి దిగాలంటే కొంచెం పులుపు కావాలి. పులుపు తగ్గి మట్టి పీహెచ్ ఒక్క పాయింటు పెరిగితే, కరిగి ఉండే ఫెర్రిక్ ఇనుము వెయ్యో వంతుకు పడిపోతుంది. మొక్కకు ఈ సంగతి తెలుసు. వేరు చుట్టూ ఆమ్లం వదులుతుంది, ఇనుమును కరిగే రూపంలోకి మార్చుకుంటుంది. కానీ సున్నం ఎక్కువున్న నేల్లో ఆ ఆమ్లం పుట్టింది పుట్టినట్టే చల్లారిపోతుంది. మా చేను వంక వైపు దిగే కొద్దీ మట్టి బూడిదరంగుకు తిరుగుతుంది, పార పెడితే సున్నపు గుండ్లు తగులుతాయి. దానికి తోడు ఆ బోరునీళ్ళు కాస్తే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. బైకార్బనేటు ఎక్కువున్న నీళ్ళన్నమాట. పైగా చిన్నాయన తడి మీద తడి ఇచ్చాడు. నీళ్ళు నిలిచి వేరుకు గాలి ఆడకపోతే ఈ జబ్బు ఇంకా ముదురుతుంది. పసుపు మచ్చ సరిగ్గా ఆ వంక వైపు మడవల్లోనే ఉంది. పైన ఎర్ర గరుసు నేల్లో ఒక్క చెట్టు కూడా పచ్చబడలేదు.

పండక్కి ఊరికి పోయినప్పుడు చిన్న పరీక్ష పెట్టాను. అన్నభేది, అంటే ఫెర్రస్ సల్ఫేటు, గ్లాసు నీళ్ళలో ఒక గ్రాము దాకా కరిగించి రెండు చుక్కల నిమ్మరసం పిండాను. పిల్లల బొమ్మల కుంచెతో తెల్లబారిన ఆకు మీద ఒక గీత గీసి, ఆ చెట్టుకు ఎర్ర దారం కట్టాను. ఆరో రోజు చిన్నాయన మళ్ళీ ఫోటో పంపాడు. ఆకంతా పాలిపోయే ఉంది. కుంచె పోయిన దారి మాత్రం పచ్చగా, ఆకుపచ్చగా, మనం గీసిన గీత ఎంత వంకరో అంత వంకరగా ఉంది. కింద ఒక్క ముక్క రాశాడు: "ఇనుమే".

ఆ తర్వాత పని సులువు. 200 లీటర్ల నీళ్ళలో కిలో అన్నభేది, 200 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి ఎకరాకు సాయంత్రం పూట పిచికారీ చేయాలి. నిమ్మ ఉప్పు ఎందుకంటే, అన్నభేది ఒక్కదాన్నే కలిపితే కాసేపట్లో గాలి తగిలి నీళ్ళు తుప్పురంగుకు తిరిగి ఇనుము మళ్ళీ పనికిరాని రూపంలోకి పోతుంది. ఆకులో ఇనుము కదలదని చెప్పాను కదా, అందుకే తర్వాత వచ్చే ఆకులకు మళ్ళీ కొట్టాల్సి రావచ్చు. ఆ అన్నభేదినే ఆ సున్నపు నేల్లో చల్లితే మాత్రం దండగ. ఉన్న తుప్పుకు ఇంకాస్త తుప్పు కలిపినట్టే.

ఇంతకీ యూరియా ఎందుకు పనిచేయలేదంటారా? పండగ రోజు ఒక చెట్టు పెరికి వేరు బుడిపెను గోటితో చీల్చి చూపించాను. లోపల గులాబీ రంగుంటే నత్రజని ఫ్యాక్టరీ నడుస్తున్నట్టు. ఎర్రనేల చెట్టు బుడిపె గులాబీగా ఉంది. వంక వైపు చెట్టుది పాలిపోయి ఉంది. ఆ గులాబీ రంగు పదార్థం మన రక్తంలో ఉన్నదానిలాంటిదే, దానికీ ఇనుము కావాలి. పైన యూరియా చల్లితే బుడిపె మరింత బద్ధకిస్తుంది.

వంక వైపు కథ అదైతే, పైనున్న ఎర్ర గరుసు నేలది సరిగ్గా దానికి ఎదురు కథ. అక్కడ చెట్టు నిండుగా, కన్నుల పండువగా ఉంటుంది. పీకి చూస్తే కాయలు కూడా బాగానే ఉంటాయి. నొక్కితే టప్‌మని లొట్ట. లోపల గింజ ఉండదు, లేదా తొక్కలా ముడుచుకుపోయి ఉంటుంది. అది కాల్షియం లోటు. నన్నడిగితే మన సీమలో చెనక్కాయ వేసే ప్రతి ఇంటికీ తెలియాల్సిన అసలు కథ ఇదే.

చెనక్కాయ పువ్వు పైన పూస్తుంది, కాయ భూమిలో కాస్తుంది. పువ్వు రాలాక ఊడ కిందికి దిగి, మట్టిలో గుచ్చుకుని, కొన కాయగా ఉబ్బుతుంది. ఇక కాల్షియం సంగతి. వేరు పీల్చిన కాల్షియం నీళ్ళతో పాటు పైకే పోతుంది. నీళ్ళు ఎక్కువగా ఆవిరయ్యే చోటికి, అంటే ఆకులకు చేరి అక్కడే ఉండిపోతుంది. ఆకులో తయారైన చక్కెర కిందికి దిగే దారిలో కాల్షియం దాదాపు దిగదు. కాయేమో మట్టిలో ఉంది, దాన్నుంచి నీళ్ళు ఆవిరి కావు. అంటే చెట్టు నిండా కాల్షియం ఉన్నా కాయకు అందేది దాదాపు ఏమీ ఉండదు. మరి కాయ ఏం చేస్తుంది? ఊడా, కాయ తొక్కా కలిసి చుట్టూ ఉన్న మట్టిలోంచి తమ కాల్షియం తామే పీల్చుకుంటాయి. తల్లి వేరుతో సంబంధం లేదు.

జిప్సం వేసే పద్ధతంతా దీన్నుంచి పుట్టిందే. ఎకరాకు 200 కిలోలు, విత్తిన 30 నుంచి 45 రోజుల మధ్య, ఊడలు దిగే వేళ, చెట్టు మొదళ్ళ దగ్గర చల్లి మట్టి ఎగదోయాలి. దుక్కిలో లోతుగా వేస్తే వేరుకు దొరుకుతుంది, కాయకు కాదు. ఎడం సాళ్ళ మధ్యలో వేసినా అంతే. 45 రోజులు దాటాక కలుపు తీసే గుంటక జోలికి పోకూడదు, దిగిన ఊడలు తెగుతాయి. సున్నం వేయకుండా జిప్సమే ఎందుకంటే, అది నీళ్ళలో లీటరుకు రెండు గ్రాముల పైచిలుకు కరుగుతుంది, నేల పీహెచ్‌ను పెంచదు, గంధకం కూడా ఇస్తుంది. అంతా సరిగ్గా వేసినా, ఆ పైమట్టి రెండంగుళాలు ఎండిపోతే కాయకు పీల్చుకోవడానికి నీళ్ళుండవు. కరువేళ తాలు కాయలు ఎక్కువయ్యేది ఇందుకే. బోరున్న వాళ్ళు ఊడలు దిగే వేళ, కాయ ఊరే వేళ తడి తప్పించకూడదనేది కూడా ఇందుకే. ఇంకో సంగతి: కాయ దగ్గర పొటాష్ ఎక్కువైతే కాల్షియానికి పోటీ వస్తుంది, అందుకే పొటాష్ విత్తేటప్పుడే వేసేయాలి.

గింజ ఉన్న కాయల్లో కూడా కాస్త ఓపిగ్గా చూస్తే లోటు దొరుకుతుంది. గింజను రెండు బద్దలు చేయండి. మొలక వచ్చే ఆ చిన్న ముక్కు నల్లబడి ఉంటే కాల్షియం తగ్గినట్టు. బద్ద లోపలి వైపు గుంటపడి గోధుమరంగుకు తిరిగితే బోరాన్ తగ్గినట్టు. వేయించి తినేటప్పుడు చేదు కాయనుకుని ఊసేస్తాం గానీ, అది నేల రాసి పంపిన చీటీ.

పత్తికొండ వైపు టమాటా రైతులకు ఇదే కాల్షియం ఇంకో వేషంలో కనబడుతుంది. కాయ అడుగున గుండ్రంగా నల్లటి అణగిన మచ్చ పడుతుంది. తెగులనుకుని మందులు కొడతారు. కాయ నుంచి నీళ్ళు పెద్దగా ఆవిరి కావు, కాబట్టి కాల్షియం ఆకులకే పోతుంది. వారం ఎండగట్టి ఒకేసారి నీళ్ళు పెడితే మచ్చలు ఇంకా పెరుగుతాయి. అక్కడ చాలాసార్లు లోటు మట్టిలో కాదు, తడుల లెక్కలో ఉంటుంది.

గంధకం దగ్గర మనం చేసుకున్న తప్పొకటి చెప్పాలి. వర్షాధారపు చెనక్కాయకు ఎకరాకు సిఫారసు చేసే భాస్వరం 16 కిలోలు. పాత రోజుల్లో దాన్ని 100 కిలోల సూపర్‌తో, అంటే సింగిల్ సూపర్ ఫాస్ఫేట్‌తో ఇచ్చేవాళ్ళు. సూపర్‌లో భాస్వరం 16 శాతమే. కానీ ఎవరూ అడక్కుండానే ఆ రెండు బస్తాల్లో 11 కిలోల గంధకం, 20 కిలోల దాకా కాల్షియం వచ్చేవి. తర్వాత డీఏపీ, అంటే డై అమ్మోనియం ఫాస్ఫేట్ వచ్చింది. 46 శాతం భాస్వరం కాబట్టి 35 కిలోలు చాలు. మోత తక్కువ, పని తక్కువ. 'ఘాటైన ఎరువు' అని పేరు కూడా వచ్చింది. ఆ ఘాటులో గంధకం లేదు, కాల్షియం లేదు. నూనెగింజ పంటకు గంధకం తగ్గితే నూనె తగ్గుతుంది. కర్నూలు ఎర్రగడ్డ కోస్తే కళ్ళల్లో నీళ్ళు తెప్పించేవి కూడా గంధకపు పదార్థాలే. గంధకం తక్కువున్న నేల్లో పండిన గడ్డకు ఘాటు తగ్గుతుంది. ఉమ్మడి కర్నూలు జిల్లా మెట్ట పొలాల్లో మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్ళు మట్టి పరీక్షలు చేసినప్పుడు గంధకం, బోరాన్, జింకు లోట్లు విరివిగా బయటపడ్డాయి. ఎన్‌పీకే (నత్రజని, భాస్వరం, పొటాష్) అని మూడక్షరాల దగ్గరే మనం ఆగిపోయిన ఫలితం అది.

సంచి మీది అంకె గురించి కూడా ఒక మాట. డీఏపీ సంచి మీద 46 అని ఉంటే అందులో భాస్వరం 46 శాతం ఉన్నట్టు కాదు. అది ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ లెక్క. అసలు భాస్వరం దాదాపు 20 శాతమే. పాతకాలంలో మొక్కను కాల్చి బూడిదలోని ఆక్సైడులను తూచేవాళ్ళు, ఆ లెక్కే సంచుల మీద మిగిలిపోయింది. రైతుకు దీనివల్ల నష్టమేం లేదు, సిఫారసులూ ఆ లెక్కలోనే ఉంటాయి. ఎవరైనా పరీక్ష రిపోర్టులో మూలకం లెక్కా, సంచి మీద ఆక్సైడు లెక్కా కలిపి అయోమయపడకుండా చెబుతున్నాను.

మిగతావాటి గురించి క్లుప్తంగా. ఆదోని వైపు పత్తిలో కింది ఆకులు ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో ఎర్రబారితే మెగ్నీషియం లోటు. పులివెందుల అరటికి పొటాష్ ఆకలి ఎక్కువ, లోటొస్తే ముదురాకుల అంచులు నారింజ రంగుకు తిరిగి ఎండుతాయి. మన చీనీ (బత్తాయి) తోటల్లో కొత్త చిగుర్ల ఆకులు చిన్నవై, సన్నబడి, ఈనెల మధ్య పసుపు మచ్చలు పడితే ఎక్కువసార్లు జింకే. జింకు లోటును మనమే కొని తెచ్చుకుంటాం కూడా. ఏటా డీఏపీ దిమ్మరిస్తే భాస్వరం పేరుకుని జింకును మొక్కకు అందకుండా చేస్తుంది. అందుకే జింకు సల్ఫేటును భాస్వరం ఎరువుతో కలిపి వేయొద్దంటారు. నల్లరేగడిలో పొటాష్ సాధారణంగా బాగానే ఉంటుంది. అక్కడ చిక్కు భాస్వరానిది, సున్నం దాన్ని పట్టేసుకుంటుంది.

మరి గొర్రెల మంద పెట్టించడం, దిబ్బ ఎరువు, చెరువు మట్టి? అవన్నీ ఈ 14నీ కొద్దికొద్దిగా ఇస్తాయి, ఇనుము జింకు లాంటివాటిని వేరుకు అందే రూపంలో పట్టి ఉంచుతాయి. మంద కట్టిన చేన్లో తేడా రెండు మూడేళ్ళు కనబడేది అందుకే. వేరు మాత్రం పీల్చేటప్పుడు ఈ నైట్రేటు గొర్రె పెంటదా, యూరియాదా అని అడగదు. ఈ విషయం మీద వాట్సాప్‌లో కొట్టుకునే రెండు వర్గాల మధ్య నాకు చోటు లేదు.

ఇక మట్టి పరీక్ష. 2015లో కేంద్రం మొదలుపెట్టిన సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలుంటాయి: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, పీహెచ్, లవణాల సాంద్రత, సేంద్రియ కర్బనం. మళ్ళీ ఒకసారి చదవండి. కాల్షియం లేదు. మెగ్నీషియమూ లేదు. చెనక్కాయ జిల్లాలో రైతు చేతికిచ్చే కార్డులో, కాయను నింపే పోషకానికి గడి లేదు! చిన్నాయన కార్డులో ఇనుము ఎదుట 'సరిపడా' అని కూడా ఉంది. పీహెచ్ 8.3 అని పక్కనే ఉంది. ఆ రెండు గళ్ళనూ కలిపి చదివితే గానీ చేన్లో జరిగింది అర్థం కాదు. విడివిడిగా చూస్తే కార్డు తప్పేమీ చెప్పలేదు.

ఇంకా పెద్ద తప్పు మాదే. కార్డుకు మట్టి ఇచ్చినప్పుడు చిన్నాయన గట్టు పక్కన ఒక్క చోట పారతో తవ్వి ఇచ్చాడట. ఈసారి చెనక్కాయ పెరికాక ఇద్దరం కలిసి తీశాం. ఎకరానికి ఎనిమిది పది చోట్ల, పైన చెత్త ఊడ్చి, ఇంగ్లీషు 'వి' అక్షరంలా ఆరంగుళాల గుంట తీసి, దాని గోడ నుంచి పైనుంచి కిందిదాకా పలుచగా ఒక చెక్కు. గట్లు, చెట్ల నీడ, దిబ్బ వేసిన చోట్లు వదిలేశాం. అన్నీ గోనె మీద కుప్పపోసి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు తీసేస్తూ అరకిలో మిగిల్చాం. చిన్నాయన వంక వైపు మట్టినీ, ఎర్రనేల మట్టినీ ఒకే సంచిలో పోయబోయాడు. "ఒకే సర్వే నంబరే కదా" అన్నాడు. రెండో సంచి వెతకడానికి ఇంట్లోకి పోయి ఒక పాత బియ్యం సంచి తెచ్చాను. ఒకదాని మీద 'గరుసు' అని, ఇంకోదాని మీద 'సున్నం' అని రాశాం. గరుసు సంచిలో పెట్టిన చీటీ మీద 'కాల్షియం కూడా చూడాల' అని చిన్నాయనే తన అక్షరాలతో రాశాడు.